కోత పడేది బడ్జెట్‌లో కాదు, ట్రెజరీలో

వృద్ధుల పింఛన్లు ప్రభుత్వ ఖర్చులో పిల్లల చదువు వాటాను మింగేస్తున్నాయని ఈమధ్య ఒక వ్యాసం వాదించింది. అసలు కోత ఎక్కడ పడుతుందో ఆ వ్యాసం చెప్పలేదు. తెలంగాణ ప్రభుత్వం వృద్ధులకు ఇచ్చే ఆసరా పింఛను ఒక్క నెల ఆలస్యమైతే ఊరూరా పోస్టాఫీసు ముందు జనం నిలదీస్తారు, అందుకే ఎలాగోలా ఇస్తారు. పేద విద్యార్థుల కాలేజీ ఫీజును ప్రభుత్వం కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆ రక్షణ లేదు. బిల్లు పాసవుతుంది, ట్రెజరీలో చెల్లింపు కోసం టోకెన్ నంబరు పడుతుంది, పైసలు రావు. ఫీజు అందలేదని కాలేజీ మార్కుల మెమోలు, టీసీ ఆపుతుంది. హన్మకొండలో బీటెక్ పూర్తిచేసిన పిల్ల ఉద్యోగంలో చేరాలంటే తండ్రి మిత్తికి తెచ్చి కట్టాల్సిందే. బడ్జెట్ పుస్తకంలో మాత్రం కేటాయింపు నిండుగా కనబడుతుంది!

అట్లని ముసలోళ్లకు దండిగా అందుతోందా? 1,000 రూపాయల పింఛనును 2019లో 2,016 చేశారు. ఆ తర్వాత ఏళ్లు గడిచినా, ధరలు పెరిగినా ఆ అంకె కదల్లేదు. ఇందిరాగాంధీ వృద్ధాప్య పింఛను కింద 60 నుంచి 79 ఏళ్ల వారికి కేంద్రం ఇచ్చేది నెలకు 200 రూపాయలే, 80 దాటితే 500. మిగతాదంతా రాష్ట్రం మోయాల్సిందే. ఇద్దరికీ న్యాయం జరగాలంటే పింఛనును ఏటా ధరల సూచీతో పెంచాలి, ఫీజు డబ్బును మూడు నెలలకోసారి విడుదల చేయాలి, పెండింగ్ టోకెన్ల జాబితాను జిల్లాలవారీగా బయటపెట్టాలి.