కరపత్రాలు చేతిలోనే ఉండిపోయాయి

మొన్న జనవరిలో అమలాపురం దగ్గర జరిగిన, అమెరికాలోని మన తెలుగు సంఘం స్వదేశ సభకు వచ్చినవాళ్లకి ఆ సాయంత్రం సంగతి వేరే చెప్పక్కర్లేదు. మన పిల్లలు పద్నాలుగు మంది ఎనిమిది నెలలు ప్రతి శనివారం కూర్చుని తయారుచేసుకున్న సంగీత నాటకం. మూడో పాట నడుస్తోంది. మైకులో ప్రకటన వచ్చింది: "ముఖ్య అతిథి గారు వేంచేశారు, కళాకారులు దయచేసి పక్కకు జరగాలి." జరిగారు. దండలు, శాలువాలు, జ్ఞాపికలు, ఒక్కొక్కరి గురించి నాలుగేసి మాటలు, గంటన్నర దాటింది. ఆ తర్వాత భోజనాలన్నారు. నాటకం మళ్లీ మొదలవలేదు. మా అమ్మాయి కరపత్రాల కట్ట గుండెలకి ఆనించుకుని తెర పక్కనే నిలబడి ఉంది. వాటిని పైనుంచి విసిరే సీను ఆ తర్వాతిదే.

చూడనివ్వలేదు కాబట్టి కథ నేనే చెబుతాను. హిట్లర్ ఏలుబడిలో, 1942 వేసవిలో, జర్మనీలోని మ్యూనిక్‌లో హాన్స్ షోల్, అలెగ్జాండర్ ష్మొరెల్ అనే వైద్య విద్యార్థులు 'వైట్ రోజ్' పేరుతో ఆ ఏలుబడికి వ్యతిరేకంగా కరపత్రాలు రాయడం మొదలుపెట్టారు. హాన్స్ చెల్లెలు సోఫీ, స్నేహితులు, ఒక ప్రొఫెసరు తోడయ్యారు. మొత్తం ఆరు కరపత్రాలు. 1943 ఫిబ్రవరి 18న అన్నాచెల్లెళ్లిద్దరూ విశ్వవిద్యాలయంలో తరగతి గదుల ముందు కాగితాలు పెట్టారు. మిగిలిన కట్టని సోఫీ పై అంతస్తు నుంచి కింద హాల్లోకి తోసేసింది. అక్కడి పనివాడు చూసి పట్టించాడు. 22న విచారణ, ఆ సాయంత్రమే గిలటిన్ (తల నరికే యంత్రం) కింద ప్రాణాలు తీశారు. సోఫీకి 21 ఏళ్లు, హాన్స్‌కి 24. వాళ్లతోపాటే పోయిన క్రిస్టోఫ్ ప్రోబ్‌స్ట్‌కి 23, అప్పటికే ముగ్గురు బిడ్డల తండ్రి.

2025లో న్యూయార్క్‌లో ఈ కథ మీద ఒక మ్యూజికల్ ఆడితే మా అమ్మాయిని తీసుకెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు రైల్లో, "ఇదే తెలుగులో అయితే అమ్మమ్మావాళ్లకి కూడా అర్థమవుతుంది కదా నాన్నా" అంది. ఆ పాటలేవీ తీసుకోకుండా, చరిత్ర చదువుకుని, పిల్లలే సొంతంగా తెలుగులో పాటలు కట్టుకున్నారు.

మర్నాడు మా ఊళ్లో, కాలవ గట్టున మా మేనత్త ఇంటి ముందు మిగిలిన నాటకం ఆడారు. ధాన్యం బస్తాలు ఓ పక్కకి జరిపి అరుగునే స్టేజీ చేశాం. మా అమ్మాయి పక్కింటి డాబా ఎక్కి కాగితాలు వదిలింది. కొన్ని గాలికి కాలవలో పడ్డాయి, కొన్ని కోడిపుంజుల గంపల మీద వాలాయి. మేనత్తకి ఎనభై రెండు. ఒకటి ఏరుకుని, కళ్లజోడు సర్దుకుని, కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. "ఇందులో తప్పేం రాశార్రా? దీనికే చంపేశారా ఆడపిల్లని?" అంది.

చివర్లో జైలు సీను. తల్లి తెచ్చిన తీపిని హాన్స్ వద్దన్నాడట, సోఫీ మాత్రం మధ్యాహ్నం అన్నం తినలేదు కదా అని సంతోషంగా తీసుకుందట. పిల్లలు దానికోసం ఒక బిస్కెట్ పెట్టుకున్నారు. మా మేనత్త లేచి లోపలికెళ్లి, రెండు అరిసెలు తెచ్చి, పాట నడుస్తుండగానే మా అమ్మాయి చేతిలో పెట్టింది. "తినమ్మా" అంది. ఆ పిల్ల నిజంగానే తింటూ, ఏడుస్తూ పాడింది. ఇన్నేళ్లలో మన సభల్లో ఎన్నో కార్యక్రమాలు చూశాను. అలాంటిది ఒక్కటి కూడా చూడలేదు.

కార్యవర్గంలో పెద్దలు తర్వాత నాతో అన్న మాటలు ఇవి. పండగపూట చావు కథ అశుభమన్నారు. సంక్రాంతి నాడే కదండీ మనం పోయిన పెద్దలకి బట్టలు పెట్టుకునేది! అంత పొద్దు పాటలతో సాగే విషాదం మనవాళ్లు కూర్చుని చూడరన్నారు. నన్ను మా నాన్న భుజం మీద ఎక్కించుకుని హరిశ్చంద్ర నాటకానికి తీసుకెళ్లేవాడు. కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజాము రెండయ్యేది. పెట్రోమాక్స్ లైటు కింద చాపల మీద ఊరంతా మేలుకునే ఉండేది, పద్యం పద్యానికీ వన్స్ మోర్ కొట్టేది. నచ్చని నటుణ్ణి ఈలలేసి దింపేసేది కూడా ఆ జనమే, ఆడవేషం వేసినవాళ్లని నానా మాటలూ అన్నదీ వాళ్లే. అన్నీ మంచివని నేననను. కానీ ఏడుపుని పాటగా వినడం గోదావరి జిల్లాల వాళ్లకి ఒకరు నేర్పాల్సిన విద్య కాదు.

ఇక "రాజకీయం మనకెందుకు" అన్న మాట. ఇది నాకు ఎక్కువ బాధ కలిగించింది. 1907లో స్వాతంత్ర్యోద్యమ నాయకుడు బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చి మాట్లాడితే చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు తెలుగులో చెప్పారు. అక్కడి కాలేజీ పిల్లలు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకి వెళ్లారు. ప్రిన్సిపల్ మార్క్ హంటర్ ఆ విద్యార్థుల్లో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుని కాలేజీ నుంచి వెళ్లగొట్టాడు. మరుసటి ఏడాది పత్రికలో వచ్చిన రాతకి ఆయన జైలుకెళ్లారు. మ్యూనిక్‌లో తల తీశారు, ఇక్కడ చదువు తీశారు. రెండూ ఒకటే అనడం లేదు. కాగితమ్ముక్క, గుడ్డముక్క చూసి ప్రభుత్వం వణకడం మాత్రం రెండుచోట్లా ఉంది. మన పిల్లలకి మ్యూనిక్ తెలుసు, రాజమండ్రి తెలీదు. ఆ నాటకం పూర్తిగా ఆడనిచ్చి ఉంటే సభలో ఏ మాస్టారో లేచి చెప్పేవారు.

కార్యవర్గం ఇబ్బందులు నాకు తెలుసు. హాలు అద్దె తక్కువ కాదు. ఆ అతిథి పూనుకోబట్టే మంచినీళ్ల ప్లాంటుకి స్థలం దొరికింది, ఆయనకి మర్యాద చేయాల్సిందే. అమెరికాలో వీసాల మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులకి ఈమధ్య ఏ మాటకైనా భయమే, ఆ భయాన్ని నేను తేలిక చేయను. కానీ మర్యాద పొద్దుటే చేయొచ్చు. వచ్చే సంక్రాంతికి సన్మానాలన్నీ పదకొండు గంటలకల్లా ముగించి, సాయంత్రం గంటన్నర ఈ పిల్లలకి వదిలేయమని అడుగుతున్నాను. హాలు కుదరకపోతే మా ఊరి హైస్కూలు ఆవరణ ఉంది, హెడ్‌మాస్టారు సరేనన్నారు. కుర్చీల ఖర్చు నేను పెట్టుకుంటాను.

జవాబు మాత్రం త్వరగా చెప్పండి. వాళ్లలో నలుగురికి ఈ ఆగస్టులో కాలేజీ మొదలవుతుంది, తలోచోటికీ పోతున్నారు. హాన్స్ వేషం వేసే అబ్బాయి సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకోవాలి.