వనరులు ఖాళీ చేసే టెస్టులు: రీరన్ కొడితే కుదిరే జబ్బు కాదు

సర్వర్ ప్రోగ్రామ్‌లకు తరచూ ఇలాంటి టెస్టు ఒకటి రాస్తుంటారు. ఇక కుదరదని ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పేదాకా లూప్‌లో ఫైళ్లు తెరుస్తూ పోవాలి. ఆ స్థితిలో కొత్త కనెక్షన్ వస్తే సర్వర్ కూలుతుందో, నిలబడుతుందో చూడాలి. రాసినవాళ్ల ల్యాప్‌టాప్‌లో అది అర సెకనులో పాసవుతుంది. సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు వాటంతటవే నడిచే వ్యవస్థలో) ఒకరోజు పాస్, ఇంకోరోజు ఫెయిల్. ‘ఫ్లేకీ టెస్టు, రీరన్ కొట్టండి’ అని చాట్‌లో ఎవరో అంటారు. వచ్చే వారం దాకా అందరూ దాని సంగతి మర్చిపోతారు.

కోడ్ మారకపోయినా ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలయ్యే ఇలాంటి ఫ్లేకీ టెస్టులు లేని సంస్థ ఉండదు. తమ టెస్టు రన్లలో దాదాపు 1.5 శాతం ఫ్లేకీ ఫలితాలేననీ, టెస్టుల్లో 16 శాతానికి ఎంతో కొంత ఆ లక్షణం ఉందనీ గూగుల్ 2016లోనే చెప్పింది. మామూలు ఫ్లేకీ టెస్టును రీరన్ చేస్తే పోయేది సమయం. కావాలని వనరులు (ఫైళ్లు, మెమరీ, థ్రెడ్లు, పోర్టులు, డిస్క్) ఖాళీ చేసే టెస్టుల సంగతి వేరు. ఇవి పడుతూ పడుతూ పక్క టెస్టులను కూడా పడగొడతాయి, నింద మాత్రం పక్కవాటి మీదికి పోతుంది. అసలు తప్పు ‘మెషీన్ ఖాళీ అయ్యేదాకా’ అన్న కొలతలోనే ఉంది. ఆ కొలత రెండు మెషీన్లలో ఒకేలా ఉండదు. చెరువు ఎండగట్టి చూడాల్సిన పని లేదు, చెంబుడు నీళ్లతో తేలే పరీక్ష ఇది.

పై లూప్‌నే తీసుకోండి. లినక్స్‌లో ఒక ప్రాసెస్ తెరవగల ఫైళ్లకు సాఫ్ట్ లిమిట్ (ప్రస్తుతం అమలయ్యే పరిమితి) సాధారణంగా 1,024. హార్డ్ లిమిట్ (సాఫ్ట్ లిమిట్‌ను పెంచుకోగల గరిష్ఠ హద్దు), లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ 240వ వెర్షన్ నుంచి, 5,24,288. ‘ఇన్ఫినిటీ’ అని పెట్టిన కొన్ని కంటైనర్లలో (ప్రోగ్రామ్‌ను విడిగా ఉంచి నడిపే పెట్టెల్లాంటివి) అది వంద కోట్లు దాటిపోతుంది. గో భాష 1.19 నుంచి ప్రోగ్రామ్ మొదలవగానే సాఫ్ట్ లిమిట్‌ను హార్డ్ లిమిట్ దాకా తనే పెంచేస్తుంది. దాంతో ఒకచోట వెయ్యి దగ్గర ఆగే లూప్ మరోచోట లక్షలు దాటుతుంది, ఫైళ్ల లిమిట్ తగలకముందే మెమరీయో టైమ్‌అవుటో అడ్డుపడుతుంది. టెస్టు ఫెయిలైంది, కానీ పరీక్షించాలనుకున్న పరిస్థితి రానే లేదు.

దీన్ని సరిచేయాలంటే ముందు టెస్టును వేరే చైల్డ్ ప్రాసెస్‌లోకి (టెస్టు ప్రోగ్రామ్ పుట్టించే మరో ప్రాసెస్‌లోకి) మార్చి, అక్కడ లిమిట్లు మార్చే సెట్‌ఆర్‌లిమిట్ కాల్‌తో సాఫ్ట్ లిమిట్‌ను 64కు దించాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. 64 అంటే 64 ఫైళ్లని కాదు, కొత్తగా ఇచ్చే డిస్క్రిప్టర్ (తెరిచిన ప్రతి ఫైలుకూ, కనెక్షన్‌కూ సిస్టమ్ ఇచ్చే గుర్తు) నంబరు 63 దాటదని అర్థం. అప్పటికే 100వ నంబరు తెరిచి ఉంటే అది అలాగే ఉంటుంది. మధ్యలో 10, 11 ఖాళీగా ఉంటే అవి దొరుకుతాయి. కాబట్టి ‘ఇప్పుడున్నవాటికి ఇంకో ఐదు కలిపి లిమిట్ పెడదాం’ అనే లెక్క తప్పుతుంది. లిమిట్ దించాక, ఈఎంఫైల్ ఎర్రర్ (ఈ ప్రాసెస్ లిమిట్ అయిపోయిందన్న జవాబు) వచ్చేదాకా /డెవ్/నల్ అనే ఉత్తుత్తి ఫైలును తెరుస్తూ పోండి. తర్వాత ఎన్ని కావాలో సరిగ్గా అన్నే మూయండి. ఒక్కటీ మూయకపోతే కనెక్షన్ తీసుకోవడమే కుదరదు. ఒకటి మూస్తే కనెక్షన్ అందుతుంది గానీ, దానికి పంపాల్సిన ఫైలు తెరుచుకోదు. ఈ రెండు దారుల్లో దొరికే బగ్గులు వేర్వేరు. ఈఎంఫైల్ బదులు ఈఎన్‌ఫైల్ వస్తే మాత్రం ఆ ప్రాసెస్ లిమిట్ కాదు, మొత్తం మెషీన్ లిమిట్టే తగిలిందని అర్థం. ఆ టెస్టును వెంటనే ఆపేయాలి.

డిస్క్రిప్టర్లు అయిపోయిన ప్రాసెస్ చేతే తీర్పు చెప్పించకూడదు. రిపోర్ట్ ఫైలు తెరవాలన్నా, పైథాన్‌లో కొత్త మాడ్యూల్ ఇంపోర్ట్ అవ్వాలన్నా, హోస్ట్‌నేమ్ కోసం /ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్ చదవాలన్నా డిస్క్రిప్టర్ కావాల్సిందే. చైల్డ్ ముందే తెరిచి ఉంచుకున్న పైపులో ఒక బైట్ రాసి తప్పుకోవాలి, పాసో ఫెయిలో దాన్ని పుట్టించిన పేరెంట్ ప్రాసెస్ తేల్చాలి.

ఇక దేన్ని పాస్ అనాలి? ‘కూలిపోలేదు కాబట్టి పాస్’ అంటే సరిపోదు. ఈపోల్ అంటే పని వచ్చినప్పుడు సర్వర్‌ను లేపే లినక్స్ సదుపాయం, పని మిగిలున్నంతసేపూ లేపుతూనే ఉండేది లెవెల్ ట్రిగర్డ్ ఈపోల్. అది వాడే సర్వర్‌లో, కనెక్షన్ తీసుకునే యాక్సెప్ట్ కాల్‌కు ఈఎంఫైల్ వస్తే, ఆ కనెక్షన్ క్యూలోనే ఉండిపోతుంది. ఈపోల్ వెంటనే మళ్లీ లేపుతుంది, యాక్సెప్ట్ మళ్లీ విఫలమవుతుంది. సర్వర్ బతికే ఉంటుంది, సీపీయూ మాత్రం 100 శాతం. అందుకే ఆ స్థితిలో ఒక సెకను ఆగి, చైల్డ్ వాడిన సీపీయూ సమయం చూడండి. అది పదో వంతు సెకను దాటితే ఫెయిల్ అనండి. తర్వాత డిస్క్రిప్టర్లు వదిలేసి, క్యూలో ఉన్న కనెక్షన్‌కు జవాబు వస్తుందో లేదో చూడండి.

మెమరీ దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. మెమరీ అడిగే మాలాక్ ఫంక్షన్ నల్ (‘మెమరీ లేదు’ అనే జవాబు) ఇస్తే ప్రోగ్రామ్ సర్దుకుంటుందా అని చూడబోతారు, కానీ లినక్స్ మామూలు సెట్టింగుల్లో మాలాక్ ‘లేదు’ అనడం అరుదు. అది ముందు మాట ఇస్తుంది. 4 కేబీ పేజీలను ముట్టుకున్నప్పుడే అసలు మెమరీ ఖర్చవుతుంది, అప్పుడు చాలకపోతే ఓఓఎమ్ కిల్లర్ (మెమరీ ఖాళీ చేయడానికి స్కోరు చూసి ఒక ప్రాసెస్‌ను చంపే కెర్నల్ భాగం) దిగుతుంది. దానికి బలయ్యేది మీ టెస్టే కానక్కర్లేదు, స్కోరు ఎక్కువున్న పక్క డేటాబేస్ కూడా కావచ్చు. ఇంకో తమాషా కూడా ఉంది. వాడకుండానే వదిలేసే మాలాక్‌ను ఆప్టిమైజేషన్ పెట్టిన కంపైలర్ పూర్తిగా తీసేయగలదు. అప్పుడు ‘నల్ రావాలి’ అన్న టెస్టు డీబగ్ బిల్డులో పాసై రిలీజ్ బిల్డులో ఫెయిలవుతుంది.

నల్‌నే చూడాలంటే చైల్డ్‌లో ఆర్‌లిమిట్ ఏఎస్‌ను (ప్రాసెస్ అడ్రస్ స్థలం మీది లిమిట్‌ను) 256 ఎంబీకి కట్టండి. మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ పెట్టిన బిల్డులో మాత్రం ఇది పనిచేయదు. అది మొదట్లోనే టెరాబైట్ల అడ్రస్ స్థలం రిజర్వ్ చేసుకుంటుంది కాబట్టి ప్రోగ్రామ్ లేవదు. ఓఓఎమ్ కిల్ చూడాలంటే సీగ్రూప్ (కొన్ని ప్రాసెస్‌లను గుంపుగా కట్టి లిమిట్ పెట్టే కెర్నల్ సదుపాయం) కావాలి. సిస్టమ్‌డీ-రన్‌తో మెమరీమ్యాక్స్ 64 ఎంబీ, మెమరీస్వాప్‌మ్యాక్స్ సున్నా పెట్టండి. రెండోది మరిచిపోతే స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ స్థలం) ఉన్న మెషీన్‌లో టెస్టు చావదు, నత్తనడక నడిచి టైమ్‌అవుట్ అవుతుంది. ఎగ్జిట్ కోడ్ 137 వచ్చిందని సంతోషపడకండి. ప్రాసెస్‌ను చంపే సిగ్‌కిల్ సిగ్నల్ ఎవరు పంపినా షెల్ చూపేది అదే అంకె. సీగ్రూప్‌కు ఉండే మెమరీ.ఈవెంట్స్ ఫైల్లో ఓఓఎమ్ కిల్ లెక్క పెరిగిందో లేదో చూడాలి.

థ్రెడ్లదీ ఇదే గోల. యూజర్ లిమిట్, సీగ్రూప్‌లో ఎన్ని ప్రాసెస్‌లు, థ్రెడ్లు ఉండొచ్చో చెప్పే పిడ్స్.మ్యాక్స్, ఒక ప్రాసెస్ మెమరీ ముక్కలకు డిఫాల్ట్‌గా 65,530గా ఉండే మ్యాపింగుల పరిమితి: ఏది ముందు తగులుతుందో మెషీన్‌ను బట్టి ఉంటుంది. ఆ యూజర్ లిమిట్, అంటే ఆర్‌లిమిట్ ఎన్‌ప్రాక్, ప్రాసెస్‌కు కాదు, యూజర్ మొత్తానికి లెక్క. పైగా అన్ని అధికారాలున్న రూట్ యూజర్‌కు అది వర్తించదు. కంటైనర్లు నడిపే డాకర్‌లో రూట్‌గా నడిచే టెస్టు లిమిట్ పెట్టానని అనుకుంటుంది, అంతే. పిడ్స్.మ్యాక్స్ ఒక్కటే నమ్మదగ్గది.

పోర్టులు ఖాళీ చేసే టెస్టు పాసైపోయాక చిచ్చు పెడుతుంది. లినక్స్‌లో బయటికి వెళ్లే కనెక్షన్లకు ఇచ్చే తాత్కాలిక పోర్టులు మామూలుగా 32768 నుంచి 60999 వరకు, అంటే 28,232. మూసిన కనెక్షన్లు 60 సెకన్లు టైమ్ వెయిట్ అనే స్థితిలో పోర్టును పట్టుకుని ఉంటాయి. ఆ నిమిషంలో అదే చిరునామాకు కనెక్టవబోయిన తర్వాతి టెస్టు ఫెయిలవుతుంది. క్రమం మారితే పాసవుతుంది. వేరే నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ (సొంత పోర్టులున్న విడి నెట్‌వర్క్) తీసుకుని, మెషీన్ తనతో తానే మాట్లాడుకునే లూప్‌బ్యాక్‌ను అప్ చేసి, పోర్టుల పరిధిని 40000 నుంచి 40009కి కుదించండి. పది పోర్టులు అయిపోవడానికి క్షణం పట్టదు, నేమ్‌స్పేస్‌తో పాటు టైమ్ వెయిట్ కూడా పోతుంది.

డిస్క్ నిండిన స్థితిని పరీక్షించడానికి, ఏం రాసినా ‘చోటు లేదు’ అనే /డెవ్/ఫుల్ చాలంటారు. అది సగం పనే చేస్తుంది. అది ఒక్క బైట్ కూడా తీసుకోదు కాబట్టి, సగం రాసి ఆగిపోయే రైట్ ఎప్పటికీ కనిపించదు. డేటా పాడయ్యేది అక్కడే. 1 ఎంబీ టీఎంపీఎఫ్ఎస్ (మెమరీలో ఉండే చిన్న ఫైల్ సిస్టమ్) మౌంట్ చేస్తే అదీ దొరుకుతుంది.

ఇంత శ్రమ ఎందుకు, ఎర్రరే కల్పిస్తే పోదా అంటే, చాలా టెస్టులకు అదే సరైన దారి. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ టెస్టుల్లో చేసేది అదే: మొదటి మాలాక్ విఫలం, తర్వాత రెండోది, మూడోది, పని మొత్తం ఎర్రర్ లేకుండా పూర్తయ్యేదాకా. ప్రతి వైఫల్యం ఒకసారే వచ్చినట్టు ఒక రౌండ్, అక్కడి నుంచి అన్నీ విఫలమైనట్టు మరో రౌండ్. కోడ్ ముట్టుకోలేని చోట ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్‌ను పట్టుకునే స్ట్రేస్‌తో, ఫైలు తెరిచే ఓపెన్‌ఎట్ మూడో కాల్‌కు ఈఎంఫైల్ ఇప్పించవచ్చు. కానీ సీపీయూ తిరగలిలా తిరిగే ఆ ఈపోల్ బగ్గు ఒకసారి ఇచ్చి వదిలేసిన ఎర్రర్‌తో బయటపడదు, కొరత కొనసాగితేనే కనిపిస్తుంది. అందుకే ఎర్రర్ కల్పించే టెస్టులు ప్రతి కమిట్‌కూ (కోడ్‌లో మార్పు చేర్చిన ప్రతిసారీ), కట్టిన లిమిట్‌తో నిజంగా ఖాళీ చేసేవి రాత్రి రన్‌లో, ఒక్కొక్కటిగా. ఆ రాత్రి రన్‌లో రీట్రై సంఖ్య సున్నా, ఫెయిలైన ప్రతి టెస్టు లాగ్‌లోనూ చైల్డ్ తాలూకు /ప్రాక్/సెల్ఫ్/లిమిట్స్ (ఆ ప్రాసెస్‌కున్న లిమిట్లు చూపే ఫైలు) కాపీ.