49 రోజుల సెలవుల్లో చేతికొచ్చేది 30 గంటలే

బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులివ్వడం రాష్ట్రంలో ఈమధ్య ఆనవాయితీ. లెక్కేస్తే 49 రోజులు, సరిగ్గా ఏడు వారాలు. విశాఖలో చాలా ఇళ్లలో ప్రణాళిక మొత్తం ఈ 49 మీదే వేస్తారు. పొద్దున్నే ఈత, పదింటికి అబాకస్, సాయంత్రం కీబోర్డు, మధ్యలో చేతిరాత. మే రెండో వారం వచ్చేసరికి సగం ఫీజులు నీళ్లపాలు. పిల్లల బద్ధకాన్ని తిట్టుకునే ముందు పెద్దలు ఒక తీసివేత లెక్క చేసుకోవాలి.

శ్రీకాకుళం వైపో విజయనగరం వైపో అమ్మమ్మగారి ఊళ్లో పది రోజులు పోతాయి. పెళ్లిళ్లు, చుట్టాలు, సింహాచలం చందనోత్సవం కలిపి నాలుగైదు. జలుబుకో ఎండదెబ్బకో మూడు. సెలవులిచ్చిన మొదటి రెండు రోజులు పిల్లలు లేవరు, లేపకూడదు కూడా. మిగిలేవి మహా అయితే 30 రోజులు. మన ఊరి ఉక్కపోతలో ఒళ్లు వంచి చేసే పని ఎనిమిదింటిలోపు జరగాలి, లేదంటే సాయంత్రం అయిదు దాటాక. ఉద్యోగానికెళ్లే తల్లో తండ్రో నిజంగా పక్కన ఉండగలిగేది రోజుకు గంట. మొత్తం 30 గంటలు. ఇంటిల్లిపాదికీ కలిపి మూడు లక్ష్యాలు పెట్టుకుంటే అందులో సరిపోతాయి, నాలుగోది పెడితే మొదటి మూడూ కుంటుతాయి.

లక్ష్యం ఎలా రాసుకుంటామన్నది ముఖ్యం. ‘ఈత నేర్చుకోవాలి’ అని రాస్తే అయిందో లేదో ఎవరూ తేల్చలేరు. ‘25 మీటర్లు ఆగకుండా ఈదాలి’ అంటే తేలిపోతుంది. సముద్రం పక్కనే ఉన్న ఊళ్లో ఇది మొదటి లక్ష్యం కావడం న్యాయమే. అయితే నేర్చుకోవాల్సింది ఈతకొలనులో. ఆర్కే బీచ్‌లో ఒడ్డు ఉన్నట్టుండి లోతుగా దిగుతుంది, వెనక్కి లాగే ప్రవాహాలకు గజఈతగాళ్లే జంకుతారు. కొలనులో మొదటి మూడు రోజులు ముఖం నీళ్లలో పెట్టి ముక్కుతో గాలి వదలడమే పని. తల్లిదండ్రులకు అది టైంపాస్‌లా కనిపించి ‘ఇంకా చేతులు ఆడించడం లేదేంటి’ అని కోచ్ మీద పడతారు. ఆ మెట్టు నేర్పకుండా వదిలేస్తే పిల్లలు ఊపిరి బిగబట్టి, గాలి కోసం తల పైకెత్తుతారు. తల లేస్తే నడుము కిందికి పోతుంది, కాళ్లు మునుగుతాయి, పది మీటర్లకే ఆయాసం. తర్వాత నాలుగు రోజులు తేలడం, ఇంకో వారం గోడ పట్టుకుని కాళ్లు ఆడించడం, ఆపైనే చేతులు. మధ్యలో ఊరెళ్తే లయ తెగిపోతుంది కాబట్టి ఈత వారాలు ఒక్క వరసలో ఉండాలి, ఊరి ప్రయాణం ముందో వెనకో.

రెండోది ఇంటి పనిలోంచి తీసుకోవాలి. ఆవకాయ కంటే మంచి భిన్నాల పాఠం అయిదో తరగతి పుస్తకంలో కూడా లేదు. నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నె ఆవపిండి, గిన్నె కారం, ముప్పావు గిన్నె ఉప్పు అనుకుందాం (మా ఇంట్లో ఇలా కాదు అనేవాళ్లు ఎలాగూ ఉంటారు). ఆరు గిన్నెల ముక్కలొస్తే ఎంతెంత? ఆవపిండి, కారం ఒకటిన్నర చొప్పున, ఉప్పు గిన్నె మీద అరపావు. ఆ అరపావు దగ్గరే పిల్లలు తడబడతారు, చెప్పేయకండి, గిన్నెతో కొలిచి తేల్చుకోనివ్వండి. కత్తిపీట పెద్దవాళ్లది. జీడి తీసి, టెంక లోపలి పల్చటి పొర గీకి, ముక్కను పొడిగుడ్డతో తుడవడం పిల్లలది. తడి మిగిలితే బూజు పడుతుంది. మూడో రోజు తిరగకలిపేటప్పుడు ఉప్పు చూసే హక్కు వాళ్లకే ఇస్తే పని తమదనిపిస్తుంది.

మూడోది ఊరు. తూర్పు తీరంలో మరపడవలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపల సంతానోత్పత్తి కోసం వేట నిషేధం. దాదాపు పిల్లల సెలవులే పడవలకూ సెలవులు. ఒక ఆదివారం పొద్దున ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్తే వరసగా కట్టేసిన బోట్లు, రంగులు, మరమ్మతులు, వల అల్లుతున్న చేతులు కనిపిస్తాయి. అక్కడి నుంచి ధరల నోటుబుక్ మొదలుపెట్టొచ్చు. వారానికోసారి రైతుబజారులో అయిదు కూరగాయల ధర, చేపల మార్కెట్లో రెండు రకాల చేపల ధర పిల్లలే అడిగి తెలుగులో రాయాలి. ఇంగ్లీషు మీడియంలో చదువుతూ తెలుగు కూడబలుక్కునే పిల్లలకు రైతుబజారు ధరల బోర్డు మంచి వాచకం. నెల గడిచాక ఏది పెరిగింది, ఎందుకని వాళ్లే అడుగుతారు. ఇంకో రోజు 900కే నంబరు సిటీ బస్సెక్కి భీమిలి వెళ్లి డచ్చివారి సమాధులు చూసి రావచ్చు. ఎర్రమట్టి దిబ్బలకు మాత్రం ఎండెక్కక ముందే చేరాలి, అక్కడ నీడ తక్కువ.

ఈ మూడింటిలో పెద్దవాళ్ల వంతు కూడా రాసి ఉండాలి. ‘నాన్న: పొద్దున ఆరింటికి కొలను దగ్గర దింపడం, అక్కడున్నంతసేపు ఫోన్ జేబులో.’ గోడ మీది క్యాలెండర్‌లోనే, పని జరిగిన తేదీ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుడితే చాలు, యాప్ అక్కర్లేదు. ఆదివారం రాత్రి భోజనాల తర్వాత పావుగంట చూసుకోవాలి. తప్పిన రోజును మర్నాడు రెట్టింపు చేయించడం, సున్నాకు ఇంత అని డబ్బివ్వడం, ఈ రెండూ మొదలైన ఇంట్లో క్యాలెండర్ ఎక్కువ రోజులు నడవదు. రెండు వారాలు వరసగా సగం కంటే తక్కువ సున్నాలుంటే లక్ష్యాన్నే తగ్గించాలి: 25 మీటర్లు కాస్తా 15.

జూన్ 4 నుంచి కొత్త పని ఏదీ పెట్టకుండా, నిద్రలేచే వేళను రోజుకు పావుగంట ముందుకు జరపాలి. ఎనిమిదింటికి లేవడం అలవాటైన పిల్లలు ఆ లెక్కన 12వ తేదీకి ఆరింటికల్లా లేస్తారు.