సవరణ: పసిబిడ్డ ఒంటిమీద గడ్డ గురించి

పుట్టిన పిల్లల ఒంటిమీద ఎర్రటి గడ్డలు రక్తనాళాల గడ్డలేననీ, వాటంతట అవే కరిగిపోతాయనీ మొన్నటి పోస్టులో ఉంది. ఆ మాటను సవరిస్తున్నాను. చాలావరకు అవే, కానీ అన్నీ కావు. ఒంగోలు నుంచి ఒక అమ్మమ్మగారు అది చదివి "అయితే మనవడిని డాక్టరుకు చూపించక్కర్లేదా?" అని అడిగారు. తప్పకుండా చూపించాలమ్మా.

మామూలు రక్తనాళాల గడ్డ ఎక్కువగా పుట్టిన కొన్ని వారాలకు బయటపడుతుంది, నొక్కితే మెత్తగా ఉంటుంది. పుట్టుకతోనే కాలికో చేతికో గట్టి గడ్డ ఉండి, త్వరత్వరగా పెరుగుతూ, పైచర్మం బిగిసి నిగనిగలాడుతున్నా, పుండుపడి రక్తం కారుతున్నా అది ఇన్‌ఫాంటైల్ ఫైబ్రోసార్కోమా అనే క్యాన్సర్ కావచ్చు. చాలా అరుదు. అయినా స్కానింగులో కూడా రెండూ ఒకేలా కనిపించవచ్చు, గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీతోనే తేలుతుంది. పసుపు పట్టు వేసి ఎదురుచూడకండి.

ఆ పోస్టులోంచి "క్యాన్సరైతే కాలు తీసేయడమే" అన్న వాక్యాన్నీ తీసేశాను. ఈ క్యాన్సర్ వేరే అవయవాలకు పాకడం తక్కువ. అవసరమైతే విన్‌క్రిస్టిన్, ఆక్టినోమైసిన్ అనే కీమోథెరపీ మందులతో గడ్డను చిన్నది చేసి ఆపరేషన్ చేస్తారు. ఎక్కువమంది పిల్లల గడ్డ కణాల్లో ఈటీవీ6, ఎన్‌టీఆర్‌కే3 అనే రెండు జన్యువులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఆ లోపం మీద పనిచేసే లారోట్రెక్టినిబ్ అనే మందుకు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది.

నెల్లూరు నుంచి వైద్యానికి చెన్నై వెళ్లేవాళ్లు పిల్లల క్యాన్సర్ డాక్టరు ఉన్నచోటికే వెళ్లండి. బయాప్సీ అయితే రిపోర్టుతో పాటు బ్లాకులు (గడ్డ ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మలు) కూడా అడిగి తీసుకెళ్లండి.