నోటీసుకీ కూల్చివేతకీ మధ్య ఎన్ని రోజులు?

2024 ఆగస్టులో హైదరాబాద్ దుర్గం చెరువు చుట్టుపక్కల కాలనీల గేట్లకు నోటీసులు అంటించారు. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే మేర) పరిధిలోని కట్టడాలను 30 రోజుల్లో మీరే తీసేయండి, లేదంటే మేం తీసేస్తాం అన్నది సారాంశం. ఆ గడువులో లాయర్లు వచ్చారు, పాత లేఅవుట్ కాగితాలు బీరువాల్లోంచి బయటికొచ్చాయి, వ్యవహారం హైకోర్టుకెక్కింది. అభ్యంతరాలు చెప్పుకునే దారి దొరికింది. కాసేపు దాన్ని అలా ఉంచి మూసీ ఒడ్డుకు వద్దాం. సెప్టెంబరు చివరి వారంలో చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ ప్రాంతాల్లో మూసీ అభివృద్ధి పథకం కోసం సర్వే సిబ్బంది గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాసుకుంటూ పోయారు. ఇల్లు నదీగర్భంలో ఉందని ఆ గుర్తుకు అర్థం. చాలా ఇళ్లకు ఆ రంగే నోటీసు. అక్టోబరు మొదట్లోనే శంకర్‌నగర్‌లో ఖాళీ అయిన ఇళ్లు కూలడం మొదలైంది. సందుల్లోకి జేసీబీ పట్టదు కాబట్టి కూలీలు సుత్తెలతోనే పని కానిచ్చారు. బస్తీల్లో రెండిళ్లకూ ఒకటే గోడ ఉండటం మామూలు. ఖాళీ చేసిన ఇంటిని కూలిస్తే, ఇంకా ఖాళీ చేయని ఇంటి గోడా బీటలిస్తుంది. ఉన్నవాడు ‘స్వచ్ఛందంగా’ కదలడానికి అదొక్కటి చాలు.

మూసీకి చోటు కావాలన్న మాటలో అబద్ధం లేదు. 1908 సెప్టెంబరు 28 వరదను చూసిన నగరమిది. ఆ దెబ్బకే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకున్నాం. నదికి చోటివ్వాలా వద్దా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆక్రమణ అన్న ఒకే మాటకు ఒకరికి నెల గడువు, మరొకరికి వారం కూడా లేకపోవడం ఏమిటన్నదే ప్రశ్న. నగరంలో అసమానతను కొలవాలంటే ఆ రోజుల్ని లెక్కపెడితే సరిపోతుంది.

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన బుల్డోజర్ తీర్పు ఈ రోజుల లెక్కనే సరిచేయబోయింది. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి, ఇంటికీ అంటించాలి. అందిన నాటి నుంచి కనీసం 15 రోజులు ఆగాలి. పాత తేదీ వేసి మోసం చేయకుండా కలెక్టరు కార్యాలయానికి ఈమెయిల్ వెళ్లాలి. యజమాని మాట స్వయంగా వినాలి, కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి, ఆ తర్వాత ఇంకో 15 రోజులు ఆగాలి. కూల్చివేతను వీడియో తీయాలి. ఉల్లంఘిస్తే నష్టం అధికారి జేబులోంచే కట్టాలి. బాగుంది. కానీ రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే పట్టాల పక్కన, నది, చెరువు లాంటి చోట్ల అనధికార కట్టడాలకు ఈ ఆదేశాలు వర్తించవని అదే తీర్పు చెప్పింది. పేదవాడు గుడిసె వేసుకునేది మరెక్కడ? తీర్పులోని మినహాయింపుల జాబితా, నగరంలోని బస్తీల జాబితా దాదాపు ఒకటే.

అయితే మినహాయింపు ఉందంటే నోటీసే అక్కర్లేదని కాదు. ప్రభుత్వ భూమైతే 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఉంది. సెక్షన్ 7 కింద ముందు షోకాజ్ నోటీసు, జవాబు చూశాకే సెక్షన్ 6 కింద తొలగింపు, దాని మీద అప్పీలు. నూట ఇరవై ఏళ్ల నాటి వలస చట్టం ఇచ్చిన పాటి వ్యవధి కూడా గోడ మీది రంగు ఇవ్వలేదు.

ఇందులో వారాంతం చూసుకుని వచ్చే కిటుకు ఒకటుంది. శని, ఆదివారాల్లో హైకోర్టు ఉండదు. స్టే కావాలంటే జడ్జి ఇంటి దగ్గరే విచారించే హౌస్ మోషన్ వేయాలి. అందుకు ఆ పూటకే లాయరు దొరకాలి, కాగితాలు చేతిలో ఉండాలి. 2024 ఆగస్టు 24, శనివారం మాదాపూర్‌లో నటుడు నాగార్జునకు చెందిన ఫంక్షన్ హాలు ఎన్ కన్వెన్షన్ కూలింది. అంత పలుకుబడి ఉన్నవారికి అదే రోజు స్టే వచ్చింది గానీ, అప్పటికే పని అయిపోయింది. ఇక బస్తీవాసి సంగతి చెప్పేదేముంది? అమీన్‌పూర్‌లో ఆదివారం కూల్చివేతపై సెప్టెంబరు 30న హైకోర్టు, చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రాను గట్టిగానే నిలదీసింది. తహసీల్దారు అడిగితే చార్మినార్‌నూ కూల్చేస్తారా అన్న ప్రశ్న వచ్చింది అప్పుడే.

కాగితాల దగ్గరే అసలు చిక్కు. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపై చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు, మున్సిపల్ పరిధిలో నదికి 50 మీటర్లు బఫర్. బఫర్ అంటే సర్కారీ భూమి కాదు. పట్టా భూమే కావచ్చు, కట్టడం మాత్రం కూడదు. ఎఫ్‌టీఎల్ లోపల కూడా శిఖం (చెరువు గర్భంలోని భూమి) పట్టాలుంటాయి. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు గానీ ఇల్లు కట్టకూడదు. ఆ పట్టాను ముక్కలు చేసి నోటరీ కాగితం మీద 60, 80 గజాల చొప్పున అమ్మినవాడు ఎప్పుడో వెళ్లిపోయాడు. కొన్నవాడికి కరెంటు మీటరు వచ్చింది, ఇంటి నంబరు వచ్చింది, పన్ను కడుతున్నాడు. పన్ను రసీదు హక్కు పత్రం కాదని కూల్చే రోజున తెలుస్తుంది. 2014 జీవో 58 కింద 125 గజాల దాకా పేదలకు ఉచిత క్రమబద్ధీకరణ వచ్చినా, నీటి వనరుల భూములు అందులోకి రావు.

నోటీసు అందితే ముందు కవరు దాచాలి, పోస్టల్ ముద్ర మీది తేదీయే ఆధారం. మాటతో సరిపెట్టకుండా రాతలో జవాబిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. ఎఫ్‌టీఎల్ అంటున్నారు గనక ఆ హద్దుల తుది నోటిఫికేషన్, మ్యాపు నకలు అడగాలి. ప్రాథమిక నోటిఫికేషన్ దగ్గరే ఆగిపోయిన చెరువులున్నాయి, అక్కడ వాదనకు బలముంటుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరునిస్తుంది. దరఖాస్తు ఇంట్లో ఆడవాళ్ల పేరున పెడితే మేలు.

పునరావాసం లెక్క తలుపుల్ని బట్టి నడుస్తుంది, పొయ్యిల్ని బట్టి కాదు. ఒకే డోర్ నంబరులో ఇంటాయన, పెళ్లయిన కొడుకు, పక్క గదిలో కిరాయిదారు ఉంటే, 560 చదరపుటడుగుల డబుల్ బెడ్‌రూం ఒక్కటే వస్తే మిగతా రెండు కుటుంబాలు మళ్లీ ఏ నాలా పక్కనో గది వెతుక్కోవాల్సిందే. 2013 భూసేకరణ చట్టం నగరంలో మూడేళ్లకు పైగా నివాసమున్న కుటుంబాన్నీ బాధిత కుటుంబంగానే గుర్తిస్తుంది. కానీ అది భూమి సేకరించినప్పటి మాట. ‘ఇది నది భూమి, సేకరించేదేముంది’ అంటే ఆ తలుపూ మూసుకున్నట్టే. శంకర్‌నగర్ వాళ్లకు దగ్గర్లోనే మలక్‌పేట పిల్లిగుడిసెలులో ఇళ్లు దొరకడం అదృష్టం. నగరం పడమటి అంచున ఉన్న 15,660 ఇళ్ల కొల్లూరు కాలనీ లాంటి చోటైతే చాదర్‌ఘాట్‌లో ఇళ్లలో పాచిపని చేసుకునే మనిషికి రోజూ నగరం ఈ కొస నుంచి ఆ కొసకు ప్రయాణం. పైగా అక్టోబరు అంటే చదువుల సంవత్సరం నడిమధ్య. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితాలు) పాత బడి నుంచే వెళ్తాయి, కాబట్టి ఇల్లు మారినా ఆ తరగతి పిల్ల పరీక్షలయ్యేదాకా రెండు బస్సులు మారి పాత బడికే రావాలి.