కొండ మీద బైటు, కొండ కింద బతుకు

పొద్దున ఆరున్నర. తిరుమలలో మహాద్వారం ఎదురుగా, బ్యారికేడ్ పక్కన ఓ పదిమంది నిలబడి ఉంటారు. తలకు మఫ్లరు, కాళ్లకు చెప్పులుండవు, చేతిలో లోగో తగిలించిన మైకు. వీఐపీల బ్రేక్ దర్శనానికి లోపలికి పోయిన వాళ్లలో ఎవరు పనికొస్తారో, ఎవరు రారో ముందే లెక్క తేలిపోయి ఉంటుంది. ఒక సినిమా హీరో, ఒక కేంద్ర మంత్రి, ఎక్కడిదో హైకోర్టు జడ్జి. జడ్జిగారు మాట్లాడరు. మంత్రిగారు అడక్కపోయినా మాట్లాడతారు. హీరో మైకు ముందు రెండు ముక్కలు మాట్లాడితే ఆ రోజు గడిచినట్టే. ఆ రెండు ముక్కల్నే మా భాషలో బైటు అంటాం.

‘వస్తాండాడు, వస్తాండాడు’ అంటాడు ఒకడు. పదిమందీ ఒక్కసారిగా వెనక్కి నడవడం మొదలుపెడతారు. మొహం హీరో వైపు, నడక వెనక్కి, వెనకాల ఏముందో చూసే తీరిక ఎవరికీ ఉండదు. నిమిషంన్నర. దర్శనం బాగా జరిగింది, అందరూ చల్లగా ఉండాలని కోరుకున్నాను. అంతే, కారు తలుపు పడిపోతుంది.

‘బైటు పడిందా?’

‘పడిందిన్నా.’

ఆ తర్వాత రాయాల్సిన నాలుగు లైన్లు తిరుపతిలో ఏ రిపోర్టర్‌ని నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఈ ఉదయం వీఐపీ విరామ సమయంలో ఆయన స్వామివారిని దర్శించుకున్నారు, రంగనాయకుల మండపంలో వేదపండితులు ఆశీర్వచనం పలికారు, అధికారులు తీర్థప్రసాదాలు అందజేశారు. పేరు ఒక్కటే మారుతుంది. ఇందులో తమాషా ఏమిటంటే ఆ మండపం గుడి లోపల ఉంది. అక్కడికి మా కెమెరా పోదు, సెల్‌ఫోన్ కూడా పోదు. చూడనిదాన్ని రోజూ రాస్తాం. టీవీ చూసేవాళ్లకూ ఆ సంగతి తెలుసు, ఎవరికీ పట్టింపు లేదు.

ఎగతాళి చేస్తున్నానని అనుకోవద్దు. నేనూ కొన్నేళ్లు అలా వెనక్కి నడిచినవాణ్నే. మిగతా ఊళ్లలో విలేకరి వార్త వెతుక్కుంటూ పోవాలి. తిరుపతిలో వార్తే విమానమెక్కి రేణిగుంటలో దిగుతుంది. ఈ బీటంటే వేరే జిల్లాల వాళ్లకు కొంచెం అసూయ కూడా. కానీ ఇన్నేళ్ల తర్వాత చూసుకుంటే, ఆ సౌకర్యమే మమ్మల్ని ఒకచోట నిలబెట్టేసింది. ఊరిని చూడాల్సిన కెమెరా కొండ దిగడం మర్చిపోయింది. దానికి రిపోర్టర్ బద్ధకం కారణమని చాలామంది అంటారు. నేను మాత్రం డబ్బు లెక్క దగ్గర్నుంచి మొదలుపెడతాను.

దానికి ముందు కొంచెం వెనక్కి పోవాలి. 2003 అక్టోబరు 1న, బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు సమర్పించడానికి వెళ్తున్న ముఖ్యమంత్రి చంద్రబాబు కాన్వాయ్ మీద అలిపిరి దగ్గర క్లెమోర్ మైన్లు పేలాయి. తెలుగులో పొద్దస్తమానం వార్తలే వచ్చే చానెళ్ల కాలం అప్పటికింకా రాలేదు. ఈటీవీ2 ఆ డిసెంబరులో వచ్చింది, టీవీ9 2004 జనవరిలో. అంటే తిరుపతిలో జరిగిన అంత పెద్ద ఘటన మూడు నెలల తేడాతో లైవ్ యుగం తప్పించుకుంది. అప్పటి పద్ధతి వేరు. క్యాసెట్‌ను కవర్లో పెట్టి, రాత్రి హైదరాబాదు బస్సు డ్రైవరు చేతికిచ్చి, బస్సు నంబరు ఆఫీసులో వార్తలు సరిచూసే డెస్కుకు ఫోన్ చేసి చెప్పడం కూడా రిపోర్టింగులో భాగమే. పొద్దున ఆఫీసు కుర్రాడు బస్టాండులో కాపు కాసి తీసుకునేవాడు. ఆ ఒక్క రాత్రి ఆలస్యంలో ఒక మేలుండేది. వార్త పంపే లోపల ఇంకో ఇద్దర్ని అడగడానికి టైము దొరికేది. 2007లో ఎన్టీవీ, టీవీ5, 2009లో సాక్షి, ఏబీఎన్ వచ్చేసరికి ఆ టైము పోయింది. ముందు ఫోనో ఇవ్వు (అంటే ఫోన్లోనే లైవ్‌లో వార్త చెప్పెయ్), తర్వాత కనుక్కో అనేది రూలైంది.

చానెళ్లు పెరిగాయి కాబట్టి ఉద్యోగాలు పెరిగాయని బయటివాళ్లు అనుకున్నారు. పెరిగినవి లోగోలు.

లోగో అంటే మైకుకు తగిలించే నాలుగు పలకల ప్లాస్టిక్ డబ్బా, మధ్యలో మైకు దూరడానికి బొక్క. తెలియనివాళ్లకు అది బొమ్మలా ఉంటుంది. మండల కేంద్రంలో అదే ఉద్యోగం. జిల్లా కేంద్రంలో ఉండే స్టాఫ్ రిపోర్టర్‌కు జీతం ఉంటుంది, నెలాఖరుకి వచ్చినా రాకపోయినా జీతమనే మాట ఉంటుంది. మండలంలో ఉండేది స్ట్రింగర్. కెమెరా సొంతం, బైకు సొంతం, పెట్రోలు సొంతం, ఫోన్లో డేటా సొంతం. వార్త వాడుకుంటే ఇంత అని లెక్క. ఆ లెక్క కూడా కొన్ని చోట్ల కాగితం మీదే. చాలా చోట్ల లోగో ఇవ్వడానికి ముందే డిపాజిట్ కట్టించుకుంటారు, ఆ తర్వాత సంక్రాంతికి ఇంత, ఉగాదికి ఇంత అని యాడ్ టార్గెట్. వార్త పంపితే రూపాయి రాదు, యాడ్ పంపితే కమిషన్ వస్తుంది. పుట్టినరోజు యాడ్ కోసం పోయిన నెల ఏ నాయకుడి ఇంటి ముందు గంటసేపు నిలబడ్డాడో, ఈ నెల ఇసుక ట్రాక్టర్ల గురించి అదే నాయకుణ్ని అడగాలి. ఎలా అడుగుతాడు? అడిగేవాళ్లున్నారు, లేరనను. అడిగిన తర్వాత యాడ్ పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్ల తెగువ మీద ఆధారపడి ఒక వ్యవస్థ నడవాలనుకోవడం మాత్రం అన్యాయం.

ఇదంతా రాష్ట్రంలో అన్ని జిల్లాలకూ ఉన్న జబ్బే. తిరుపతికి మాత్రమే ఉన్నది ఇంకొకటుంది. దర్శనాల పని.

రాత్రి తొమ్మిదిన్నరకు హైదరాబాదు నుంచి ఫోన్ వస్తుంది. వార్త గురించనుకుని ఎత్తుతాం. ‘తమ్ముడూ, మా బావమరిది వాళ్లు ఎల్లుండి వస్తున్నారు. ఆరు బ్రేకులు, రెండు రూములు. కొంచెం చూడు.’ కొంచెం చూడడమంటే ఏమిటో ఈ ఊరి రిపోర్టర్లకే తెలుసు. సిఫార్సు లెటర్ ఎవరి దగ్గర దొరుకుతుంది, ఈ వారం ఏ ఎమ్మెల్యే కోటా మిగిలింది, పీఆర్వోకు ఎప్పుడు ఫోన్ చేస్తే ఎత్తుతాడు, రూము ఎవరి పేరున రాయించాలి. ఈ పని బాగా చేసినవాడు డెస్కు దృష్టిలో మంచి రిపోర్టర్. నేను ఒకసారి వరదలో మునిగిన కాలనీ విజువల్స్ పంపి, వచ్చాయా అని ఫోన్ చేస్తే, అటువైపు ఆయన రూము కన్ఫర్మ్ అయిందా అని అడిగాడు. కోపం రాలేదు, నవ్వొచ్చింది. కోపం తర్వాత, ఇంటికి పోయాక వచ్చింది.

ఇక్కడే అసలు చిక్కుంది. ఏ దేవస్థానం అధికారి పనితీరును ప్రశ్నించాలో, పొద్దున అదే అధికారి ఆఫీసు బయట లెటర్ పట్టుకుని నిలబడాలి. ఆయన సంతకం పెడతాడు, టీ కూడా ఇప్పిస్తాడు. బెదిరించాల్సిన పనేముంది? అప్పు పడ్డవాడి నోరు దానంతటదే మెత్తబడుతుంది. ఆ అప్పు రిపోర్టర్ తన కోసం చేసింది కూడా కాదు, తన పై ఆఫీసు కోసం చేసింది.

దాని ఫలితం తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. ప్రతి ఉదయం స్క్రోలింగులో మూడు అంకెలు పోతుంటాయి: నిన్న దర్శించుకున్న భక్తులు, తలనీలాలు సమర్పించినవారు, హుండీ ఆదాయం. దాని పక్కనే 31 కంపార్ట్‌మెంట్లు నిండి క్యూలైన్ వెలుపలికి వచ్చిందనే మాట. ఇచ్చిన అంకె ఇచ్చినట్టు పంపుతాం, అది తప్పేమీ కాదు. కానీ ఇవ్వని అంకె అడిగే అలవాటు పోయింది. 2025 జనవరి 8 సాయంత్రం వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో బైరాగిపట్టెడ పార్కు దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. టోకెన్లు ఇవ్వాల్సింది మర్నాటి తెల్లవారుజామున. జనం ముందురోజే వచ్చేశారు. ఆ రాత్రి మా వాళ్లందరూ అక్కడే ఉన్నారు, అంబులెన్సుల వెనక పరిగెత్తారు, కొందరు కెమెరా కింద పెట్టి మనుషుల్ని మోశారు. వాళ్లలో ఎవర్నీ తప్పుపట్టే హక్కు నాకు లేదు. అయితే పైన ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయో రోజూ చెప్పే మనం, కింద ఒక పార్కులో ఎంతమంది పడతారు, గేటు ఎన్ని అడుగులుంది అని ముందురోజు మధ్యాహ్నమే అడిగి ఉండాల్సింది. ఈ మాట నాకూ కలిపే చెప్పుకుంటున్నాను.

కెమెరా కొండ దిగిన సందర్భాలు లేకపోలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో ఇరవై మంది కూలీలు చనిపోయినప్పుడు అడవిలోకి నడిచిపోయిన వాళ్లలో ఊరి రిపోర్టర్లున్నారు. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్ట లీకై, కింద ఊళ్లను ఖాళీ చేయించినప్పుడు కట్ట మీదే పగలూ రాత్రీ గడిపినవాళ్లున్నారు. శ్రీకృష్ణదేవరాయల కాలపు చెరువు తెగుతుందా నిలుస్తుందా అని రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుంది. ఆ వారం రామచంద్రాపురం మండలంలో ఏ స్ట్రింగర్ మొహంలోనూ నిద్ర లేదు, కానీ ఒక వెలుగుండేది. చెప్తే విన్నవాళ్లున్నారన్న వెలుగు.

చిత్తూరు సంగతి ఇంకా అన్యాయం. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా మూడు జిల్లాల మధ్య చీలిపోయింది. కొండ తిరుపతి జిల్లాకు పోయింది, కొండతో పాటు చానెళ్ల శ్రద్ధ కూడా. అంతకుముందు మాత్రం ఏమంత ఉండేదని? 2015లో నగరపాలక కార్యాలయంలోనే మేయరు దంపతుల మీద దాడి చేసి చంపిన రోజున ఊళ్లోకి లైవ్ ఇచ్చే ఓబీ వ్యాన్లు వరుసకట్టాయి. అంతటిది జరిగితే గాని చిత్తూరు తెర మీదికి రాదు. 2025 వేసవిలో తోతాపురి మామిడి ధర పడిపోయింది. పల్ప్ ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు రోజుల తరబడి క్యూలో నిలిచాయి. ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుందని ప్రకటించారు. ఆ 8 రైతు చేతికి ఎంతవరకు వచ్చింది అనేది అసలు కథ. ఆ క్యూ విజువల్స్ రోజూ పంపిన స్ట్రింగర్ ఒకాయన నాకు చూపించాడు, ఫోన్ నిండా ట్రాక్టర్లే. నేను చూసినంతలో చానెళ్లలో మామిడి రోజంతా నడిచింది జూలైలో మాజీ ముఖ్యమంత్రి బంగారుపాళెం మార్కెట్ యార్డుకు వచ్చిన రోజునే. అప్పుడు కూడా ఎక్కువ సేపు నడిచింది కాయ గురించి కాదు, కాన్వాయ్ గురించి.

మధ్యలో ఒక మాట. 2024 నవంబరులో టీటీడీ పాలకమండలి కొండ మీద రాజకీయాలు మాట్లాడకూడదని తీర్మానించింది. నా మటుకు మంచి నిర్ణయమే. గుడి ముందు నిలబడి ప్రతిపక్షాన్ని తిట్టడం చూసి చూసి విసుగొచ్చింది. ఆ తీర్మానం చేసిన మండలికి అధ్యక్షుడు స్వయంగా ఒక తెలుగు వార్తా చానెల్ అధినేత కావడం మాత్రం, ఆ బ్యారికేడ్ పక్కన నిలబడేవాళ్లకు ఎలా ఉంటుందో ఊహించుకోండి. మాట్లాడేవాళ్లూ, మాట్లాడించేవాళ్లూ, వద్దనేవాళ్లూ ఒకే రంగం నుంచి.

ఇక చట్టం. పనిచేసే జర్నలిస్టుల కోసం 1955లో వచ్చిన చట్టం పత్రికల ఉద్యోగులకే వర్తించింది. అప్పటికి టీవీ లేదు కాబట్టి అనుకోవచ్చు. మజీఠియా వేతన సంఘం సిఫార్సులు 2011లో నోటిఫై అయ్యేసరికి ఊరూరా టీవీ ఉంది, అయినా అవీ పత్రికలకే. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో మొదటిసారి ఎలక్ట్రానిక్ మీడియాను, డిజిటల్ మీడియాను కూడా కలిపారు. ఈ వార్త వచ్చినప్పుడు మా వాట్సాప్ గ్రూపుల్లో స్వీట్ల బొమ్మలు తిరిగాయి. నేను చదివిన దాన్నిబట్టి మురిసిపోయేంత లేదు. అందులో జర్నలిస్టు అంటే ఫుల్‌టైమో పార్ట్‌టైమో ఒక సంస్థలో ‘నియమితుడై’ ఉండాలి. స్ట్రింగర్‌ను నియమించేదెవరు? ఫోన్లో ‘రేపట్నుంచి పంపు’ అంటారు, ఇంకో రోజు ఫోన్లోనే ‘ఇంక వద్దులే’ అంటారు. రోడ్డు మీద కాలు విరిగితే ‘ఆయన మా ఉద్యోగి కాదు’ అంటారు. యాడ్ టార్గెట్ తప్పిన రోజున మాత్రం అచ్చంగా ఉద్యోగే.

ఈ వ్యాసం రాయడానికి ముందు, పదిహేనేళ్లుగా ఇదే పనిలో ఉన్న మిత్రుణ్ని లీలామహల్ సర్కిల్ దగ్గర కలిశాను. ఈ పదిహేనేళ్లలో నాలుగు చానెళ్లు మారాడు, రెండు మూతపడ్డాయి. పాత లోగో ఒకదాంట్లో వాళ్ల చిన్నోడు పెన్సిళ్లు పెట్టుకుంటాడంట. కొత్త కోడ్ కింద నువ్వు జర్నలిస్టువని నిరూపించుకోవాలంటే ఏ కాగితం ఉంది అన్నా, అని అడిగాను. అపాయింట్‌మెంట్ లెటర్ లేదు. పే స్లిప్పు ఎలా ఉంటుందో చూడలేదు. గుర్తింపు కార్డు గడువు పోయిన ఏడాదే తీరిపోయింది. కాసేపు ఆలోచించి, ‘ఒకటుండాదబ్బా’ అన్నాడు. మర్నాడు ఫొటో తీసి పంపాడు. లోగో కోసం ఆయన ఆ చానెల్‌కు కట్టిన డిపాజిట్ రసీదు.