ఫాదర్ సంతకం కావాలి సార్

నెల్లూరు పొగతోటలో ఆస్పత్రులకేం కొదవ, టీ బంకుల కన్నా అవే ఎక్కువ. మొన్న రాత్రి పక్కింటి ఆరేళ్ల పిల్లను ఎత్తుకుని అందులో ఒకదానికి పరిగెత్తాం. చెయ్యి వాచిపోయింది, వీపు మీద అట్లకాడ కాల్చి పెట్టిన వాత. డాక్టరమ్మ చూసి ఇది పడితే తగిలిన దెబ్బ కాదు, వెంటనే స్కాన్ తీయాలంది. అంతవరకు బాగానే ఉంది. తర్వాత కౌంటర్.

"ఇరవై వేలు అడ్వాన్స్ కట్టండి. పాపకు మీరేమవుతారు?" పక్కింటోళ్లం. "పక్కిల్లు అనే ఆప్షన్ లేదు సార్, ఫాదర్ సంతకం కావాలి." ఆ ఫాదరే కొట్టాడని అనుమానం నాయనా. "అయితే ఆయన్నే పిలిపించండి, బిల్లుకు పూచీ ఉండాలి కదా."

ఆలోచిస్తే న్యాయమే. విరిచినవాడే అతికించడానికి సంతకం పెట్టాలి, అట్లకాడ కాల్చిన గ్యాసు ఖర్చు కూడా బిల్లులో కలిపేసుకోవచ్చు, డిశ్చార్జ్ రోజు పిల్లను భద్రంగా ఆయన చేతికే అప్పగిస్తారు, వచ్చే నెల మళ్లీ తెస్తే పాత పేషెంట్ కాబట్టి ఫైలు ఫీజు మాఫీ అవుతుందేమో కూడా.

చట్టం లేదా అంటే ఉంది. లైంగిక దాడికైనా, యాసిడ్ దాడికైనా ప్రైవేటు ఆస్పత్రి కూడా ఉచితంగా చూడాల్సిందేనని 2013 నుంచీ ఉంది, ఇప్పుడు అది బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ బదులు వచ్చిన కొత్త నేర విచారణ చట్టం) 397వ సెక్షన్. చూడకపోతే ఏడాది దాకా జైలు. అయితే ఆ సెక్షన్‌లో అట్లకాడ లేదు. కాబట్టి రాత్రి పదకొండింటికి ఆటో ఎక్కేముందు పిల్లకు తగిలింది ఏ సెక్షన్ దెబ్బో మనమే తేల్చుకోవాలి. అది తేల్చడానికే కదయ్యా స్కాన్!

దర్గామిట్ట పెద్దాసుపత్రికి పోండి, అక్కడ ఫ్రీ అన్నాడు ఇంకొకడు. ఎముక విరిగిన పిల్లను మళ్లీ ఆటోలో కుదిపి తీసుకుపోవాలన్నమాట. ఇంట్లో దొంగలు పడితే వేలిముద్రల పౌడరుకు డబ్బులు కట్టమని ఇంటివాణ్ణి ఎవరైనా అడిగారా? ఆ స్కాన్ సాక్ష్యంరా! ఆరేళ్ల పిల్ల, ఏడిస్తే ఇంకోటి పడుతుందని అలవాటై పళ్లు బిగబట్టుకుని కూర్చుంది, నొప్పి అని కూడా అనలేదు. దాని ముందు నిలబడి అడ్వాన్స్ అడగడానికి నోరెలా వచ్చిందిరా మీకు? సిగ్గుండక్కర్లా?

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాం, పోలీసులకు చెప్పాం. వాళ్లొచ్చేలోపు మూడిళ్ల వాళ్లం ఫోన్‌పేలు ఊడ్చి ఇరవై వేలు కట్టాం. రసీదు ఇచ్చారు. డబ్బు కట్టినవారు అన్నచోట ఆ పిల్ల తండ్రి పేరు ఉంది. పక్కిల్లు ఆప్షన్ లేదుగా మరి.